కర్చీఫ్ వేసిన సీటు
యంత్రంలోని ఊరు – 9వ భాగం

గత భాగంలో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర ఆగాం. 1967లో ఎ.ఎస్. రావు గారి సారథ్యంలో పుట్టిన ఆ సంస్థ టీడీసీ–12, టీడీసీ–316 కంప్యూటర్లను మన హైదరాబాదులోనే తయారు చేసిన కథ చెప్పుకున్నాం. చివర్లో, 1970లో అమెరికాలో వచ్చిన పీడీపీ–11 చేసిన ఒక ఏర్పాటును కూడా చూశాం. దానికున్న 64 కిలోబైట్ల చిరునామాల్లో చివరి 8 కిలోబైట్లను మెమరీకి ఇవ్వకుండా టేపులకూ ప్రింటర్లకూ టెర్మినళ్లకూ వదిలేశారు. ఆ గడుల్లో ఏం రాసినా నేరుగా పరికరానికే చేరేది. ఊరు కట్టేటప్పుడే కొంత నేలను చెరువుకీ శ్మశానానికీ మందబయలుకీ వదిలినట్టు, అక్కడ యంత్రంలోనూ కొంత చోటు వదిలారు. అలా వదిలిన నేల మీద ఎంత తగాదా నడిచిందో ఈ భాగంలో చూద్దాం.

విజయవాడ రోడ్డున వచ్చే బస్సులకు ఎల్బీనగర్ చౌరస్తా నగరానికి గడప లాంటిది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి డిగ్రీ పట్టాలతో వచ్చే పిల్లలు అక్కడైనా, ఇంకాస్త ముందుకొచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా దిగేవారు. గది కొత్తపేటలోనో చైతన్యపురిలోనో దొరికేది. అమీర్‌పేట దాకా రెండు బస్సులు మారే పని లేకుండా సి, జావా, ఒరాకిల్, హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ అన్నీ ఇక్కడి మేడల మీదే నేర్పేవారు. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేసిన నోట్సు, మధ్యాహ్నం మెస్సు భోజనం, సాయంత్రం ఇడ్లీ బండి. 2000వ సంవత్సరం నాటి దిల్‌సుఖ్‌నగర్ అది.

ఆ రోజుల్లో పండగకు ఊరెళ్లాలంటే ఎల్బీనగర్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టాలి. గుడ్డపేలికే గానీ దానికున్న అధికారం చిన్నది కాదు. వెనక ఎక్కినవాడు దాన్ని చూసి ముందుకు పోవాల్సిందే. అయితే ఆ అధికారం నిలబడాలంటే గుడ్డ అందరికీ కనబడాలి, దాని అర్థం అందరికీ తెలిసి ఉండాలి. కిందికి జారి సీటు సందులో పడిపోయిందంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఈ భాగం ముగిసేదాకా ఈ కర్చీఫ్‌ను గుర్తుంచుకోండి.

ఆ ఏడాదే మా గదిలో నలుగురం డబ్బులు వేసుకుని ఒక కంప్యూటర్ అసెంబుల్ చేయించాం. 128 మెగాబైట్ల ర్యామ్ అన్నారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నల్లటి తెర మీద కిలోబైట్ల లెక్క 122880 దగ్గర ఆగిపోయింది. 128కి లెక్క 131072 దాకా నడవాలి. అంటే 120 మెగాబైట్లే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే షాపు తెరవకముందే వెళ్లి నిలబడ్డాం.

“అన్నా, 128 అన్నవ్ గదా, 120 చూపెడుతుందేంది?”

“యాడికి పోలే తమ్మీ. డిస్‌ప్లే తీస్కుంది. బోర్డుల్నే ఉంది గదా గ్రాఫిక్స్.”

మాకు నమ్మకం కుదరలేదు. ఎనిమిది మెగాబైట్లు ఎవరో మింగేశారనే అనుకుంటూ తిరిగొచ్చాం. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ ధారావాహిక రాయాలన్న ఆలోచనకు విత్తనం కూడా అక్కడే పడింది.

తెర మీద బొమ్మ నిలబడాలంటే ప్రతి చుక్క రంగూ ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలు, ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు వేసుకుంటే సరిగ్గా 3 మెగాబైట్లు. తెరను నడిపే చిప్పు ఆ మూడు మెగాబైట్లనూ మొదటి నుంచి చివరిదాకా సెకనుకు 60 సార్లు చదువుతూనే ఉంటుంది. అంతకుముందు దానికోసం గ్రాఫిక్స్ కార్డు మీద వేరే మెమరీ ఉండేది. ఖర్చు తగ్గించడానికి ఆ కార్డును మదర్‌బోర్డులోనే కలిపేశారు. 1999లో వచ్చిన ఇంటెల్ 810 ఆ దారిలో పేరుపడ్డది. కార్డు పోయింది, దాని మెమరీ పోయింది, అవసరం మాత్రం పోలేదు. ఆ అవసరం మన ర్యామ్ మీద పడింది. యంత్రం మేలుకోగానే బోర్డులోని బయోస్ అనే ప్రోగ్రాము కొంత నేలకు కంచె వేసి, మిగిలిందే ఉన్నదని విండోస్‌కు చెప్పేది. మా ఎనిమిది మెగాబైట్లు కంచె అవతలే ఉన్నాయి.

పీసీలో ఈ కంచె పుట్టుకతోనే ఉంది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అందులోని 8088 ప్రాసెసర్ ఒక మెగాబైటు చిరునామాలను మాత్రమే చూడగలిగేది. ఐబీఎం ఇంజనీర్లు దాన్ని రెండుగా కోశారు. కింది 640 కిలోబైట్లు ప్రోగ్రాములకు, పై 384 కిలోబైట్లు తెరకు, కార్డులకు, బయోస్‌కు. అప్పట్లో ఆ యంత్రం 16 కిలోబైట్ల ర్యామ్‌తోనూ దొరికేది. అలాంటప్పుడు 640 అంటే మోతుబరి కమతమే. పదేళ్లు తిరక్కముందే అది ఇరుకు సందైపోయింది.

ఆ ఇరుకులోంచి పుట్టిన ఒక రోజువారీ పనిని నేను చరిత్రగా రాయాల్సిందే, ఎందుకంటే దాన్ని ఎవరూ చరిత్ర అనుకోలేదు. డాస్ కాలంలో కాన్ఫిగ్.సిస్ అనే ఫైలు ఉండేది. అందులో ఈఎంఎం386 అనే ప్రోగ్రాముకు ఒక వరస రాయాలి. పై 384లో ఖాళీగా ఉన్న మూలలను ఆ ప్రోగ్రాము వెతికి వాడుకునేది. కానీ ఏదైనా నెట్‌వర్క్ కార్డు అక్కడే తన చోటు పట్టుకుని ఉంటే, ఆ సంగతి దానికి తెలిసే దారి లేదు. ఇద్దరూ ఒకే గడిలో రాసేవారు, యంత్రం బిగుసుకుపోయేది. అందుకని మనమే ఎక్స్ అనే అక్షరం పెట్టి, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా ముట్టుకోకు అని చేత్తో రాసేవాళ్లం. ఆ అంకెలు కార్డుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉండేవి. పుస్తకం పోతే సీనియర్ల డైరీలో, డైరీ లేకపోతే ఎవరికో నోటికి వచ్చిన లెక్కలో దొరకాలి. హద్దు తెలిసిన మనిషి ఊరు వదిలి వెళ్లిపోతే హద్దే పోయినట్టు.

ఇంకో హద్దు 16 మెగాబైట్ల దగ్గర ఉండేది. ప్రాసెసర్‌ను అడగకుండా పరికరమే నేరుగా మెమరీలోకి రాసే పద్ధతిని డీఎంఏ అంటారు. పాత ఐఎస్ఏ కార్డులకు చిరునామా రాయడానికి 24 గీతలే ఉండేవి. వాటితో 16 మెగాబైట్లను మించి చేయి చాపలేవు. ఆ పాత కార్డుల కోసం లైనక్స్ మొదటి 16 మెగాబైట్లను ప్రత్యేక మండలంగా విడదీసి పెట్టుకుంది. తొంభైల నాటి బయోస్ సెట్టింగుల్లో 15కూ 16కూ నడుమ ఒక మెగాబైటును ఖాళీగా ఉంచాలా అని అడిగే వరస కూడా ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ క్లాసుల్లో దాన్ని ముట్టుకోవద్దనే చెప్పేవారు. ఎందుకో మాత్రం చెప్పలేదు, మేమూ అడగలేదు.

తర్వాత బయోస్ ఒక మంచి పని చేసింది. అడిగితే మొత్తం నేల పటం ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని ఈ820 అంటారు. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా వాడుకోండి, ఇది రిజర్వు, ఇది మళ్లీ వాడుకోవచ్చు అని ఒక్కో ముక్కకూ రకం చెప్పేది. లైనక్స్ లేస్తూనే ఆ పట్టికను తెర మీద ముద్రించేది. పహణీ నకలు చేతికొచ్చినట్టు ఉండేది నాకు. పీసీలో హద్దు రాయబడింది. ఆ తర్వాత 32 బిట్ల విండోస్‌లో 4 గిగాబైట్లు వేస్తే మూడుంపావే కనిపించిందని షాపుల ముందు మళ్లీ గొడవలయ్యాయి, వాటి మూలమూ ఇదే. పై చిరునామాలు పరికరాలకు కట్టేసి ఉన్నాయి.

బయోస్‌కు తెలియని పరికరం వస్తే? ఎవరో కుర్రవాడు తన కెమెరా కార్డుకు పెద్ద, విరగని, ఒకే వరసలో ఉన్న మెమరీ కావాలనుకుంటే? లైనక్స్ మెమరీని 4 కిలోబైట్ల గడులుగా పంచుతుంది. యంత్రం కొద్దిసేపు నడిచిందంటే ఖాళీ గడులు చెల్లాచెదురవుతాయి. బస్సులో ఖాళీలు ఆరున్నా ఆరూ ఆరు చోట్ల ఉంటే పెళ్లివారు కలిసి కూర్చోలేరు కదా. ‘లైనక్స్ డివైస్ డ్రైవర్స్’ పుస్తకం దీనికో కిటుకు చెప్పింది. 256 మెగాబైట్లుంటే, 255 మాత్రమే ఉన్నాయని లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌తో ముందే చెప్పండి, మిగిలిన ఒకటి మీ పరికరాన్ని నడిపే డ్రైవరుకు వాడుకోండి అని. కర్చీఫ్ వేయడం అంటే సరిగ్గా అదే. కాకపోతే గుడ్డ సీటు కిందికి జారినట్టే. అక్కడ ఒక మెగాబైటు ఉందని వేసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

పీసీలో ఈ కిటుకు ఎక్కడో ఒకరికే అవసరమయ్యేది. ఫోన్లలో అందరికీ అవసరమైంది. అసలు యుద్ధం అక్కడే.

2010 నాటి ఫోను చిప్పును తీసుకోండి. లోపల కెమెరా ఉంది, వీడియో విప్పే యంత్రం ఉంది, తెర ఉంది, మోడెమ్ ఉంది. వీటిలో చాలావాటికి చెల్లాచెదురు గడులను కూర్చుకునే తెలివి లేదు, ఖరీదు తగ్గించడానికి దాన్ని తీసేశారు. 50 లక్షల చుక్కల ఫొటోకు చుక్కకు రెండు బైట్ల చొప్పున కోటి బైట్లు కావాలి. అంటే ఒకదాని పక్కన ఒకటిగా సుమారు 2,440 గడులు. ప్రతి కంపెనీ తన బోర్డుకు తన సొంత సి ఫైలు రాసుకుని, అందులో తన కర్చీఫ్‌లు వేసుకుంది. ఆండ్రాయిడ్ వైపు పీమెమ్ అని ఒకటి, వేరే కంపెనీలవి వేరే పేర్లతో. ఒకరిది ఇంకొకరికి అర్థం కాదు. కెమెరాకు కట్టేసిన మెమరీ, ఫొటో తీయని రోజంతా ఎవరికీ పనికిరాకుండా పడి ఉండేది. 512 మెగాబైట్ల ఫోను కొని సెట్టింగుల్లో తక్కువ చూసి, మేం పదేళ్ల కిందట అడిగిన ప్రశ్ననే మళ్లీ కొత్త పిల్లలు అదే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మొబైల్ షాపులవాళ్లను అడిగారు.

ఆ ఏడాదే రసెల్ కింగ్ అడ్డం పడ్డాడు. ఏఆర్ఎం ప్రాసెసర్ల లైనక్స్‌కు కాపలాదారు ఆయన. ఆయన అభ్యంతరం న్యాయమైనది. ఒకే మెమరీని కెర్నెల్ ఒక కిటికీలోంచి క్యాష్‌తో, అంటే ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే నకలుతో, చూస్తోంది, డ్రైవరు ఇంకో కిటికీలోంచి క్యాష్ లేకుండా చూస్తోంది. కిరాణా కొట్టు బాకీని షాపులో ఒక పుస్తకం, ఇంట్లో ఒక పుస్తకం పెట్టి రాసుకున్నట్టు. రెండూ ఎప్పుడు కలుస్తాయో చెప్పలేం. కొత్త ఏఆర్ఎం ప్రాసెసర్లలో ఇలా చేస్తే ఏం జరుగుతుందో హామీ ఇవ్వలేమని ఏఆర్ఎం పత్రాలే చెప్పాయి. కాబట్టి కెర్నెల్ చేతిలో ఉన్న ర్యామ్‌ను డ్రైవర్లు అలా మళ్లీ తెరవడం నిషేధమని ఆయన ప్రకటించాడు. ఎన్నో డ్రైవర్లు ఒక్కసారిగా ఆగిపోయే పరిస్థితి వచ్చింది. గగ్గోలు లేచింది. 2010 అక్టోబరు నాటి 2.6.36 విడుదలలో నిషేధాన్ని హెచ్చరికగా సడలించి, ఆ తర్వాత బిగించారు. చాలామంది ఆయన్ను మొండివాడన్నారు. నాకైతే ఆ మొండితనమే అందరినీ దారిలోకి తెచ్చిందనిపిస్తుంది. అప్పటిదాకా కిటుకుతో గడిచింది కాబట్టి ఎవరూ అసలు వైద్యం వెతకలేదు.

వెతుకుతున్నవాళ్లు పోలండ్‌లోని శాంసంగ్ కేంద్రంలో ఉన్నారు. మిహౌ నజరేవిచ్ 2010 వేసవిలో తొలి ప్రతిపాదన పెట్టాడు, తర్వాత ఆ బరువు మారెక్ షిప్రోవ్‌స్కీ ఎత్తుకున్నాడు. మొదటి రూపం మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి, వాడే పద్ధతి చిక్కుగా ఉందన్నారు. తిరగరాస్తూ తిరగరాస్తూ రెండేళ్లు గడిచాయి. చివరికి 2012 జులైలో లైనక్స్ 3.5తో అది లోపలికొచ్చింది. పేరు సీఎంఏ.

దాని కిటుకును మన సిటీ బస్సు ఎక్కినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ముందు వరస సీట్లు ఆడవాళ్లవి. వాళ్లు లేనప్పుడు మగవాళ్లు కూర్చున్నా కండక్టరు ఊరుకుంటాడు. చాదర్‌ఘాట్ దగ్గర నలుగురు ఆడవాళ్లు ఎక్కారా, లేవాల్సిందే. సీఎంఏ అదే చేసింది. పరికరానికి వదిలిన మెమరీలో, జరపడానికి వీలైన గడులను మామూలు ప్రోగ్రాములకు ఇస్తుంది. కెమెరా తెరవగానే ఆ గడుల్లోని సరుకును వేరేచోటికి మార్చి, మొత్తం చోటును వరసగా ఖాళీ చేసి ఇస్తుంది. చిక్కల్లా లేవనివాళ్లతోనే. ఏదో ప్రోగ్రాము ఒక గడిని కదలకుండా పట్టుకుని కూర్చుంటే కెమెరాకు చోటు దొరకదు. ఆ తలనొప్పి ఈనాటికీ పూర్తిగా పోలేదు.

ఇక చోటు పంచుకోవడం తెలిసింది. ఎవరి చోటు ఏదో రాసుకోవడం మాత్రం ఇంకా తేలలేదు. 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్స్ ఏఆర్ఎం బోర్డు ఫైళ్ల గుట్టను చూసి బూతుతో సహా విసుక్కున్నాడు. ఒక్కో బోర్డుకు ఒక్కో ఫైలు, ఒక్కో ఫైల్లో అవే మాటలు. మందు ముందే ఉంది. సన్ కంపెనీలో మిచ్ బ్రాడ్లీ మొదలుపెట్టిన ఓపెన్ ఫర్మ్‌వేర్ 1994లో ఐఈఈఈ ప్రమాణమైంది. యంత్రంలో ఏమేం ఉన్నాయో ఒక చెట్టులా రాసి కెర్నెల్ చేతికిచ్చే పద్ధతి అందులోది. 2005 నాటికి పవర్‌పీసీ లైనక్స్ దాన్ని సరళం చేసి వాడుకుంది. దాని పేరు డివైస్ ట్రీ. ఇప్పుడు ఏఆర్ఎం కూడా ఆ చెట్టు కిందికే చేరింది.

మెమరీ హద్దులను ఆ చెట్టులో ఎలా రాయాలన్నదాని మీద మళ్లీ పేచీ. ఒక వర్గం అంది: చెట్టులో ఉన్నదున్నట్టు యంత్రాన్నే వర్ణించాలి; లైనక్స్‌కు ఏం కావాలో అందులో రాయకూడదు. రెండో వర్గం అంది: తెరకు ఎంత చోటు కావాలన్నది యంత్రపు సంగతి కాదా? ఇద్దరి మాటలోనూ పస ఉంది. 2013లో షిప్రోవ్‌స్కీ కోడు ఒకసారి లోపలికొచ్చి, ఒప్పందం కుదరలేదని విడుదలకు ముందే వెనక్కి పోయింది. రెండేళ్లు పోరాడి ఒక యుద్ధం గెలిచిన మనిషికి అది ఎంత నిరుత్సాహమో ఊహించగలను. గ్రాంట్ లైక్లీ మధ్యలో చేయి వేసి రాత పద్ధతిని స్థిరపరిచాడు. 2014 జూన్‌లో లైనక్స్ 3.15తో రిజర్వుడ్-మెమరీ అనే కొమ్మ చెట్టుకు నిలిచింది.

ఆ కొమ్మలో ఏం రాస్తారు? ఒక్కో ముక్కకూ పేరు, మొదలయ్యే చోటు, పొడవు. చోటు ఏదైనా పర్వాలేదంటే పొడవు మాత్రమే రాసి, చోటును కెర్నెల్‌కే వదలొచ్చు. దాన్ని వాడే పరికరం తన దగ్గర ‘నా నేల ఫలానాది’ అని సూచన పెట్టుకుంటుంది. ముఖ్యమైన గుణాలు రెండు. రీయూజబుల్ అని రాస్తే ఆడవాళ్ల సీటు లాంటిది, సొంతదారు వచ్చేదాకా ఇతరులు వాడుకోవచ్చు. నో-మ్యాప్ అని రాస్తే కెర్నెల్ ఆ వైపు కిటికీ కూడా తెరవకూడదు. మోడెమ్‌కు, రహస్యాలు దాచే ఫర్మ్‌వేర్‌కు వదిలినవి చాలావరకు ఇలాంటివే. ఆ చోటును ప్రాసెసర్ పొరపాటున తడిమినా యంత్రం కుప్పకూలవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు నడుమ మెట్రో స్తంభం నిలబడ్డ నేల అలాంటిది. రైలు పోనప్పుడు కాసేపు ఆటో ఆపుకుంటానంటే కుదరదు. ఒకే ముక్కకు ఈ రెండు గుణాలూ కలిపి రాయకూడదని నియమం.

పాత కాగితాలు చదివే అలవాటున్నవాడిగా నన్ను కదిలించిన వివరం ఒకటుంది. ఈ పద్ధతిని వివరించే అధికారిక పత్రంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. మల్టీమీడియాకు 64 మెగాబైట్లు. అది మొదలైన చోటు నుంచి 16 మెగాబైట్లు దాటగానే తెరకు 8 మెగాబైట్లు. లెక్క వేసి చూడండి, రెండో ముక్క మొదటిదాని కడుపులో పడుతుంది. ఎల్బీనగర్ అవతల లేఅవుట్లలో ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసిన కథలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. హద్దు రాయడం నేర్పే పాఠంలోనే హద్దు తప్పింది. నిందించాలని చెప్పడం లేదు, చేత్తో రాసే అంకెలు ఎంత సులువుగా జారిపోతాయో చూపించాలనే చెబుతున్నాను. తర్వాత కెర్నెలే రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే కనిపెట్టి హెచ్చరించడం నేర్చుకుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్వే నంబరు సరిచూసే గుమాస్తా వచ్చి కూర్చున్నట్టయింది.

ఈ కాలంలోనే మన ఇంజనీరింగ్ పిల్లల చేతికి రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. 2012 ఫిబ్రవరి 29న విడుదలైన ఆ చిన్న బోర్డులో 256 మెగాబైట్లే ఉండేవి. అందులో గ్రాఫిక్స్‌కు 32 వదలాలా, 64 వదలాలా, 128 వదలాలా అన్నది వాడేవాడే తేల్చుకోవాలి. ఫైనలియర్ ప్రాజెక్టుల కోసం దిల్‌సుఖ్‌నగర్ సెంటర్లకు వచ్చినవాళ్లు తెర అక్కర్లేని పనికి 32 పెట్టుకుని మిగతాది ప్రోగ్రాముకు వాడుకోవడం నేర్చుకున్నారు. మా తరం దొంగతనం అనుకున్న చోట ఈ తరం పంపకం చూసింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడిచేనాటికి ఆ పిల్లల్లో కొందరు రోజూ అదే రైలెక్కి, చిప్పుల కంపెనీలకు వెళ్లి, సరిగ్గా ఈ హద్దు వరసలే రాస్తున్నారు.

మేం కంప్యూటర్ కొన్న ఆ షాపు ఇప్పుడు లేదు. ఆ చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

పరికరానికే సొంత పటం ఇచ్చి, చెల్లాచెదురు గడులను దాని కళ్లకు వరసగా చూపించగలిగితే కర్చీఫ్‌లతో పనేముంది? అలాంటి యంత్రం నిజంగానే వచ్చింది, దాని పేరు ఐఓఎంఎంయూ. పెద్ద సర్వర్లలో మొదలై ఫోన్లలోకి దిగింది. అది వచ్చాక రిజర్వు నేలలన్నీ కరిగిపోతాయని చాలామంది అనుకున్నారు. కానీ ఇంటెల్ తన పట్టికల్లోనే, ఈ ముక్కలను మాత్రం కదపవద్దని ఒక కొత్త వరస చేర్చాల్సి వచ్చింది. అందుకు ఒక మూలం మామూలు యూఎస్‌బీ కీబోర్డు. ఆ కీబోర్డు కథతో వచ్చే భాగం మొదలవుతుంది.